పాములు ఉచితం, నిచ్చెనలు విడిగా

ఒకానొక రాజ్యంలో రాజుగారు సభలో అడుగుపెట్టాలంటే చాలాసేపు పట్టేది. దూరం ఎక్కువై కాదు, బిరుదులు ఎక్కువై.

ఆ రాజ్యం పేరు కుంభగిరి, రాజు పేరు దుందుభివర్మ. ఆయనకు ముప్పైరెండు బిరుదులు. తాత సంపాదించినవి ఆరు, తండ్రి సంపాదించినవి నాలుగు, మిగతా ఇరవైరెండూ తీరిక దొరికినప్పుడల్లా తనకు తానే ఇచ్చుకున్నవి. రాజు వాకిట నిలబడి కుడికాలు గడప మీదుగా ఎత్తి పట్టుకోవాలి. ఆస్థాన భట్టు బిరుదులన్నీ వరసగా చదవాలి. ఆఖరిది పూర్తయ్యాకే ఆ కాలు లోపల మోపాలి. మధ్యలో దించితే రాజ్యానికి అరిష్టమని పెద్దలు చెప్పారట. ఏ పెద్దలని అడిగినవాడు లేడు.

ఆ భట్టు పేరు సింగంభట్టు. మనిషి తోటకూర కాడ, గొంతు మాత్రం నగారా. ముప్పైరెండు బిరుదులూ ఒక్క గుక్కలో లాగించేవాడు గనక రాజుగారి కాలు ఇన్నేళ్ళూ పరువుగా నిలబడింది.

ఇక కాలువ సంగతి. దాని మొదట్లో తలగడ్డ, చివర్లో కొసపాడు. పూర్వం ఏటా నీటి వంతు కోసం రెండూళ్ళ వాళ్ళూ కర్రలతో తలలు పగలగొట్టుకునేవారు. ఆ తలలకు కట్లు కట్టించలేక విసిగిపోయి దుందుభివర్మ తాతగారు, "ఏరువాక పున్నమినాడు కోట ముంగిట వైకుంఠపాళి ఆడండి. గెలిచిన ఊరికి ముందు నీళ్ళు" అని తీర్పు చెప్పాడు. నేల మీద సుద్దతో గీసిన గళ్ళు, నాలుగు గవ్వలు, రెండు చింతగింజలు, అంతే ఆట. ఓడినవాళ్ళు గవ్వల్ని నాలుగు తిట్లు తిట్టి ఇంటికి పోయేవారు. తల పగిలినవాడు మాత్రం లేడు.

దుందుభివర్మకు చింతగింజలు నామోషీ అనిపించాయి. టేకు పలక మీద లక్క రంగులు వేయించి, వైకుంఠంలో విష్ణుమూర్తి పక్కనే తన బొమ్మ కూడా గీయించి, కొత్త వైకుంఠపాళి చేయించాడు. ఇకనుంచి ఎవరి పలక వాళ్ళు కొని తెచ్చుకుని దాని మీదే ఆడాలన్నాడు. పలక ఇరవై వరహాలు.

తలగడ్డ వాళ్ళకు అదో లెక్క కాదు. కొసపాడు వాళ్ళు ఊరంతా కలిసి ఒక ఎడ్లజత అమ్మారు. ఆ ఊరి తరఫున ఎప్పుడూ గవ్వలు వేసేది నాంచారమ్మ. ఊరికి పెద్దదిక్కు, సింగంభట్టుకు సొంత అక్క. ఆమె పలక విప్పి చూసింది. పది పాములూ నోళ్ళు తెరుచుకుని సిద్ధంగా ఉన్నాయి. పది నిచ్చెనల కాళ్ళకూ రాజుగారి లక్కముద్రలు వేసి ఉన్నాయి.

బుధవారం నాడు పలక చంకన పెట్టుకుని సభకు వచ్చింది.

"దొరా, ఈ ముద్రలేంటి?"

"నిచ్చెన ఒక్కింటికి మూడు వరహాలు. కడితే ముద్ర తీస్తారు. తియ్యని నిచ్చెన ఎక్కకూడదు," అన్నాడు రాజు.

"మరి ఇరవై కట్టాం గదా?"

"అది పలక వెల."

"పాములకు ముద్రల్లేవే?"

"పాములు ఉచితం," అన్నాడు రాజు ఉదారంగా.

మూడుసార్లు గవ్వలు వేశాక నాలుగోసారి వెయ్యాలంటే జాము సేపు ఆగాలట. ఆగలేకపోతే వరహా కట్టాలట. ఇంకా అదృష్టపు సంచి అని ఒకటుంది. అర వరహా ఇచ్చి అందులో చెయ్యి పెడితే నిచ్చెన ముద్ర విప్పే చీటీ రావచ్చు, రాకపోనూ వచ్చు. నాంచారమ్మ చెవుల కమ్మలు తీసిచ్చి ఏడుసార్లు చెయ్యి పెట్టింది. ఏడుసార్లూ నెమలి ఈకే వచ్చింది.

"ఆటకాయకు తగిలించుకో. అందంగా ఉంటుంది," అన్నాడు రాజు.

నాంచారమ్మకు ఒళ్ళు మండిపోయింది. "పూర్తి వెల తీసుకున్నాక మళ్ళీ డబ్బులేంటి? ఇది పట్టపగలు దోపిడీ!" అని సభ దద్దరిల్లేలా అరిచింది.

రాజుకు కోపం రాలేదు, జాలి కలిగింది. "పిచ్చిదానా, కష్టపడి ఒక్కో నిచ్చెనా విప్పించుకుంటే మనసులో ఒక గర్వం పుడుతుంది చూడు. అది నేను మీకిచ్చే వరం," అన్నాడు. ఆ మాట తనకే ఎంతో నచ్చి, అప్పటికప్పుడు రాతిమీద శాసనం చెక్కించాడు: 'పూర్తి వెల పుచ్చుకున్నవాడు సైతం సరుకులోని ముక్కలను విడివిడిగా అమ్ముకొనవచ్చును. కొన్నవాడు గర్వపడవలెనే గాని గొణగరాదు.'

అక్క సరాసరి తమ్ముడి ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది.

"ఒరే సింగా, విత్తనం ఇంట్లో మూటగట్టి ఉందిరా. నిరుడు నీళ్ళు మనదాకా వచ్చేసరికి నారు మడిలోనే మాడిపోయింది. తలగడ్డోళ్ళు పది నిచ్చెనలూ విప్పించుకున్నారంట. ఈసారి కూడా ఓడామంటే ఆ విత్తనమే వండుకుని తిని ఊరొదిలి పోవాల."

"ఆట ఎప్పుడక్కా?"

"ఆదివారం. ఇంకేముంది, నాలుగు రోజులు."

సింగంభట్టు కాసేపు గడ్డం గోక్కున్నాడు. "శనివారం విందుంది," అన్నాడు. "నీకు వచ్చిన నెమలి ఈకల్లో ఒకటి ఇలా ఇయ్యి."

ఆ విందు పొరుగురాజు భూరిపాలుడికి. భోజనప్రియుడు, మంచి మనిషి. కుంభగిరి పలకలు వెయ్యి కొంటానని కబురు పెట్టాడు. దుందుభివర్మ మూడు రోజులుగా నేల మీద నడవడం లేదు.

శనివారం మధ్యాహ్నం సభామండపంలో అరిటాకులు వేశారు. ముద్దపప్పు, గుత్తివంకాయ, నేతిగారెలు, పులిహోర వడ్డించారు. ఆతిథ్యమిచ్చేవాడు కూర్చోకుండా అతిథి ముద్ద ఎత్తకూడదు గనక భూరిపాలుడు ఆకు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. దుందుభివర్మ వాకిట్లోకి వచ్చి, మీసం సవరించుకుని, కుడికాలు గడప మీదుగా ఎత్తాడు.

తలపాగాలో నెమలి ఈక పెట్టుకుని సింగంభట్టు ముందుకు వచ్చాడు. ఒక చేతిలో మట్టికుండ ఉంది.

"రాజాధిరాజా! రణరంగ భైరవా!" అని మండపం మోగించాడు. అక్కడితో ఆగిపోయాడు.

దుందుభివర్మ కాలు గాలిలో ఉంది. ఒక నిమిషం చూశాడు. "ఏమిటిరా, గొంతు పట్టిందా?" అని గొణిగాడు.

"గొంతు దివ్యంగా ఉంది ప్రభూ. ఆ రెండూ రుచి చూడ్డానికి ఉచితం. మిగతా ముప్పైకీ ముద్రలు పడ్డాయి. బిరుదు ఒక్కింటికి వరహా."

"ఉగాదినాడే ఏడాది జీతం నూరు వరహాలు లెక్కపెట్టి తీసుకున్నావు కదరా!"

"అది గొంతు వెల ప్రభూ."

లోపలినుంచి భూరిపాలుడు, "దుందుభివర్మగారికి రెండే బిరుదులా? మా దగ్గర తలారికే నాలుగున్నాయే," అన్నాడు. ఎగతాళిగా కాదు, పాపం నిజంగానే అడిగాడు.

రాజు ముఖం కందగడ్డ అయింది. "తల తీయిస్తాను," అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"తీయించండి. మిగతా ముప్పై బిరుదులూ అందులోనే ఉన్నాయి. తమరు ఆగగలిగితే ఉచితంగానే చదువుతాను, జాముకొకటి చొప్పున. బుధవారానికల్లా భోజనానికి కూర్చోవచ్చు."

దుందుభివర్మ తన కాలు వంక చూసుకున్నాడు. అది అప్పటికే వణుకుతోంది. బొడ్లో సంచి తడిమాడు. బేరమాడకుండా వంకాయైనా కొనని మనిషి. "తక్కువలో ఏమీ లేదా?" అన్నాడు.

"ఎందుకు లేదు ప్రభూ! అదృష్టపు కుండ. అర వరహాకు ఒక చీటీ. మంచి బిరుదు రావచ్చు, రాకపోనూ వచ్చు."

రాజు అర వరహా ఇచ్చి, ఒంటికాలి మీద వంగి, కుండలో చెయ్యి పెట్టాడు. సింగంభట్టు చీటీ విప్పి నిండుగొంతుతో ఎత్తుకున్నాడు:

"పెరుగన్నంలో మాగాయ నంజుకొను మహాభుజా!"

"ఆహా!" అన్నాడు భూరిపాలుడు. ఆయనకది నచ్చింది.

"ఇది నా బిరుదు కాదురా!"

"ఇప్పుడు తమదే ప్రభూ, కొన్నారుగా. ఇంకోటి తియ్యండి."

ఇంకో అర వరహా పోయింది.

"పిల్లి ఎదురైతే కాళ్ళు కడుక్కొని మరీ బయల్దేరు ధీరా!"

మండపంలో ఎవరో కిసుక్కుమన్నారు. అది పదహారేళ్ళుగా నవ్వని పురోహితుడని తర్వాత తెలిసింది. రాజు పంతం పట్టి మరోసారి చెయ్యి పెట్టి అడుగుదాకా కెలికి తీశాడు.

"పెరుగన్నంలో మాగాయ నంజుకొను మహాభుజా!"

"ఇది ఇందాకే వచ్చిందిగా!"

"వచ్చినదే మళ్ళీ వస్తే లెక్కలోకి రాదు ప్రభూ. అర వరహా మాత్రం లెక్కలోకి వస్తుంది. కావాలంటే ఈ నెమలి ఈక తగిలించుకోండి, అందంగా ఉంటారు," అని సింగంభట్టు తన తలపాగాలోని ఈక తీసి రాజు కిరీటంలో గుచ్చాడు.

"వర్మగారూ, పప్పు చల్లారిపోతోంది," అన్నాడు భూరిపాలుడు. ఈసారి గొంతులో బాధ ఉంది.

అప్పటికి రాజు ఎడమకాలు కూడా వణకడం మొదలెట్టింది. ఆయన ఓర్పు తెగిపోయింది. అతిథి ఉన్నాడన్న సంగతి కూడా మరిచిపోయాడు.

"పూర్తి వెల తీసుకున్నాక మళ్ళీ డబ్బులేంటిరా! ఇది పట్టపగలు దోపిడీ!" అని సభ దద్దరిల్లేలా అరిచాడు.

అరిచి, ఆగాడు. అటూ ఇటూ చూశాడు.

"ఈ మాట ఎక్కడో విన్నట్టుందే," అన్నాడు నెమ్మదిగా.

"విన్నారు ప్రభూ. మొన్న బుధవారం ఇక్కడే, మా అక్క నోట. తమరు జాలిపడి శాసనం కూడా వేయించారు. కష్టపడి ఒక్కో బిరుదూ విప్పించుకుంటే మనసులో ఒక గర్వం పుడుతుందట. పుట్టిందా ప్రభూ?"

"ఏమిటా గోల?" అని భూరిపాలుడు ఆకు ముందునుంచే కేకేశాడు. సింగంభట్టు పలక సంగతి, ముద్రల సంగతి, ఎడ్లజత సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. చివర గొంతు దించి, "అది మామూలు ఆట అయితే పోనీ అనుకుందుం ప్రభూ. దాని మీద ఒక ఊరి నారుమడి ఉంది. గవ్వలు పడక ఓడితే మావాళ్ళు గవ్వల్ని తిట్టుకుంటారు. నిచ్చెన కొనలేక ఓడితే ఎవర్ని తిట్టుకోవాలి?" అన్నాడు.



"ఉండు ఉండు," అన్నాడు భూరిపాలుడు. "పాములు మాత్రం ఉచితమా?"

"ఉచితమే మహారాజా."

భూరిపాలుడి పొట్ట ముందు కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. తలపాగా ఊడి పులిహోరలో పడేదాకా నవ్వాడు. "ఇలాంటివి వెయ్యి కొనుక్కుపోదామని వచ్చాను చూడు, నన్ను చూసి నవ్వడానికి మా రాణి కాచుకుని కూర్చుందయ్యా!"

దుందుభివర్మ ఒంటికాలి మీద నిలబడి, నెత్తిన ఈక ఊగుతుండగా, ఆ నవ్వు విన్నాడు. చేతిలో మాగాయ చీటీ ఉంది. దాన్ని మళ్ళీ చదువుకున్నాడు. పెదవి బిగబట్టాడు గాని లాభం లేకపోయింది, ఫక్కున నవ్వేశాడు.

"నవ్వకండి ప్రభూ, కాలు దిగితే అరిష్టం!" అన్నాడు సింగంభట్టు.

దాంతో నవ్వు రెట్టింపయింది. తలుపు రెక్క పట్టుకుని వేలాడుతూ, "చదవరా బాబూ, చదువు! నిచ్చెనలన్నీ విప్పించేస్తాను! ఆ శాసనం రాయి బద్దలు కొట్టిస్తాను! వాళ్ళ ఎడ్లజత తిరిగి కొనిస్తాను! కాలు పోతోందిరా!" అన్నాడు.

సింగంభట్టు గుక్క పట్టాడు. మిగిలిన ముప్పై బిరుదులూ దొర్లిపోయాయి. ముప్పైరెండోది పూర్తయినా ఆపలేదు. "నిచ్చెనలు విప్పిన నృపాలా!" అని ఇంకొకటి కలిపాడు.

కాలు లోపల మోపి, రాజు అనుమానంగా చూశాడు. "దీనికెంత?"

"ఉచితం ప్రభూ. పాముల్లాగే."

ఆదివారం నాడు కోట ముంగిట మళ్ళీ సుద్దగళ్ళు గీశారు. నాంచారమ్మ చింతగింజను మూడు పాములు మింగాయి. మూడుసార్లూ ఆమె గవ్వల్నే తిట్టింది, అవి కూడా చెవులు మూసుకునే తిట్లు. ఆ మూడోది పెద్దపాము, వైకుంఠానికి రెండు గళ్ళ దూరంలో మింగి అడుగుకు దింపింది. తలగడ్డ వాళ్ళు తలపాగాలు సర్దుకున్నారు. నాంచారమ్మ గవ్వలు చేతిలో ఊది వేసింది, గింజ నిచ్చెన మొదట్లో పడింది. అక్కణ్ణించి మరో రెండు నిచ్చెనలు. కొసపాడు ఒక్క గడి తేడాతో గెలిచింది. ఆ సాయంత్రమే తూము ఎత్తారు. ఆ ఏడాది కొసపాడులో నారు మాడలేదు.

రాజుగారు సింగంభట్టును పిలిపించి, నిండు సభలో నగిషీ చెక్కిన పెట్టె ఒకటి చేతిలో పెట్టాడు. "నూట పదహారు వరహాలు. తీసుకో," అన్నాడు.

సింగంభట్టు కళ్ళకద్దుకుని మూత ఎత్తబోయాడు. రాలేదు. తిప్పి చూశాడు, ముందువైపు తాళం ఉంది.

"ప్రభూ, తాళంచెవి?"

"అది విడిగా," అన్నాడు రాజు.

సింగంభట్టు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. అతని నోట మాట రాకపోవడం ఆ రాజ్యంలో ఎవరూ ఎన్నడూ చూసి ఉండలేదు.

దుందుభివర్మ సింహాసనం చేతులు చరుచుకుంటూ, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి, బొడ్లోంచి తాళంచెవి తీసి అతని ఒళ్ళోకి విసిరాడు.