పాటిదిబ్బ మీద మిగిలిన దిమ్మె

“ఈ దిబ్బ నుంచి ఇకమీదట ఒక్క గంపెడు మన్ను కూడా బయటికి పోదు. ఇది నా మాట.”

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట, పురావస్తు శాఖ తరఫున తవ్వకాలు జరిపించిన పెద్దసారు రేగులకుంట పాటిదిబ్బ మీద నిలబడి, ఊరందరి ముందు ఈ మాట అన్నాడు. దయాసాగర్ అప్పటికి పుట్టనే లేదు. అయినా ఆ మాట అతనికి కంఠస్థం. తను రాసే ప్రతి అర్జీనీ దానితోనే మొదలుపెడతాడు. ఏ అర్జీకీ జవాబు రాదు.

పాటిదిబ్బ అంటే ఎప్పుడో రెండువేల ఏళ్ళ నాటి ఊరు కూలి, పూడి, మన్నయిపోయిన చోటు. ఆ మన్ను పొలానికి మంచి బలం. సారు జీపు వెళ్ళిపోయిన ఏడాదే ఎడ్లబండ్లు వచ్చాయి. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. ఆ తర్వాత ఇటుకబట్టీల వాళ్ళు. మూడు నిలువుల ఎత్తున్న దిబ్బ ఇవాళ తుమ్మలు మొలిచిన గొయ్యి.

ఆ గొయ్యి నడుమ ఒక్క దిమ్మె మిగిలింది. ఎంత లోతు తవ్వారో కొలుచుకోవడానికి మట్టిపని చేసే వడ్డెరలు మధ్యలో ఒక మట్టి స్తంభాన్ని ముట్టకుండా వదిలేస్తారు. ఆనాటి తవ్వకంలో మేస్త్రిగా ఉన్న పల్లపు ఓదెలు వదిలిన దిమ్మె అది. అడుగున నల్లమన్ను, దాని మీద బూడిద చార, ఆపైన ఇటుకల వరస, వరద తెచ్చిన ఇసుక, మళ్ళీ బూడిద. ఆ ఊరు ఎన్నిసార్లు కాలిందో, ఎన్నిసార్లు లేచి నిలబడిందో దాని ఒంటి మీద ఉంది. ఏటా ఎండాకాలం ఓదెలు దాని చుట్టూ ముళ్ళకంప కడతాడు. ట్రాక్టర్లు మీదికొస్తే దిమ్మెకు వీపు ఆనించి కూర్చుంటాడు.

దయాసాగర్ చరిత్రలో ఎం.ఏ. చేశాడు. పుస్తకాల్లో చదివింది మన్నులో చూడాలని ఓదెలు దగ్గర చేరాడు. ఓదెలుకు అక్షరం రాదు. కానీ కళ్ళు మూసుకుని చిటికెడు మన్ను నలిపి, ఇది పొయ్యి బూడిద, ఇది ఇల్లు కాలిన బూడిద అని చెప్పగలడు. చేరిన రోజే అతను ఒక షరతు పెట్టాడు.

“ఏమన్న అడుగు, చెప్త. దిమ్మెను మాత్రం ముట్టకు.”

“ప్రాణం పోయినా ముట్టను మేస్త్రీ,” అన్నాడు దయాసాగర్.

రెండేళ్ళలో పంతొమ్మిది అర్జీలు రాశాడు. చరిత్ర రాజులది కాదు, ప్రజలది అని రాశాడు. మీ మౌనం కూడా నేరమే అని రాశాడు. ఇరవయ్యోది తనే పట్టుకుని పురావస్తు శాఖ ఆఫీసుకు పోయాడు. మధ్యాహ్నం దాకా నిలబెట్టి, చివరికి ఒక గుమస్తా తలెత్తాడు.

“ఏ దిబ్బయ్యా? ఆడ గొయ్యి ఉన్నదంటున్నరు. నీకు ఏమన్న దొరికితే పట్టుకరా, చూద్దాం. అప్పటిదాంక ఆ కాగితం మడిచి జేబుల పెట్టుకో.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు అతని చెవుల్లోంచి పోలేదు.

వారం తిరక్కుండా ఒక పాత మెటల్ డిటెక్టర్ కొన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తెల్లారుతూనే గొయ్యిలో దిగి, అంగుళం అంగుళం వెతికాడు. సీసామూతలు దొరికాయి. ట్రాక్టరు బోల్టులు దొరికాయి. ఏ రాజు గుర్రానిదో అని గుండె ఝల్లుమన్న నాడా తీరా చూస్తే ఎద్దుది.

బర్లు కాసే రాజవ్వ గట్టు మీద నిలబడి చూసేది.

“ఏం సాగరూ, భూమికి బీపీ చూస్తున్నవా? ఎంతుంది?”

“తక్కువుందవ్వా.”

“ఉండదా మరి? నెత్తురంత తోడుకపాయిరి.”

పన్నెండు రోజులు అంతే. పదమూడో రోజున ముళ్ళకంప పక్కగా పోతుంటే యంత్రం కూసింది. సన్నగా, తేటగా. దిమ్మెలో, ఛాతీ ఎత్తున.

ఒక్క సాక్ష్యం చాలు. ఆ గుమస్తా బల్ల మీద పెట్టి చూపించడానికి ఒక్కటి చాలు. దిమ్మెను కాపాడడానికే కదా అనుకున్నాడు. కంప పక్కకు లాగాడు. మోచెయ్యి దూరేంత బొక్క. అంతకంటే పెద్దది చెయ్యలేదు.

ఓదెలు ఇంటి ముందు విసుర్రాయికి గంట్లు కొడుతున్నాడు. దయాసాగర్ పరుగున వచ్చి రుమాలు విప్పాడు. సీసపు నాణెం. ఒకవైపు తొండమెత్తిన ఏనుగు.

“ఇంక జవాబు చెప్పక ఎక్కడికి పోతరు మేస్త్రీ! ఈ ఏనుగు పోయి వాళ్ళ బల్లల మీద ఘీంకరిస్తది. మన్ను నోరు తెరిచింది!”

ఓదెలు నాణేన్ని అరచేతిలో రెండు వైపులా తిప్పి చూశాడు.

“ఏడ దొరికింది?”

“దిబ్బ మీద.”

“దిబ్బ ఇంకా ఏడున్నది బిడ్డా?”

ఓదెలు ఉలి కింద పెట్టాడు. గోడకు ఆనించిన గంప తీసి చంకన పెట్టుకుని నడిచాడు. దయాసాగర్ వెనకే వెళ్ళాడు.

గొయ్యి గట్టు మీద రాజవ్వ నిలబడి ఉంది. ఈసారి పరాచికం ఆడలేదు. చెయ్యెత్తి చూపించింది.

దిమ్మె లేదు. బొక్క పైనున్న బరువును మోయలేక నిలువునా చీలి కూలిపోయింది. ముళ్ళకంప మీద ఒక మన్నుకుప్ప. నలుపు, బూడిద, ఇటుక, ఇసుక, అన్నీ కలిసి ఒకటే రంగు. దాని మీద ఇంకా సన్నగా దుమ్ము లేస్తోంది.

దయాసాగర్ కుప్ప ముందు మోకాళ్ళ మీద పడ్డాడు. మేస్త్రి తిడతాడనుకున్నాడు. కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

ఓదెలు రెండు చేతులతో మన్ను ఎత్తి గంప నింపాడు. తెచ్చి అతని ముందు దించాడు. ఆ మన్ను మీద నాణేన్ని ఉంచాడు.

“ఇందుల ఏడిదాన్ని ఆడ పెట్టు.”

దయాసాగర్ గంపలో చెయ్యి పెట్టాడు. ఒక చిటికెడు నలిపాడు. ఇల్లు కాలిన బూడిదే, వేళ్ళకు తెలుస్తోంది. కానీ ఇసుక కిందిదా, పైదా? నల్ల కుండపెంకు ఒకటి తగిలింది. మాడిన గింజ ఒకటి తగిలింది. ఏ పొయ్యి మీది కుండ, ఏ మంటలో మాడిన గింజ? నాణెం ఇటుకల మధ్య దొరికిందా, బూడిదలోనా? గుర్తు తెచ్చుకోబోయాడు. అప్పుడు అతని చెవుల్లో యంత్రం మోగుతోంది. మన్ను వైపు అతను చూడలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. గంప అలాగే ఉంది.

“జేబుల కాగితం ఉన్నదా?” అన్నాడు ఓదెలు. “చదువు.”

ఇరవై ఒకటో అర్జీ. దయాసాగర్ మడత విప్పాడు.

“ఈ దిబ్బ నుంచి ఇకమీదట ఒక్క గంపెడు మన్ను కూడా…”

ఎదురుగా గంప ఉంది.

ఓదెలు దిమ్మె నిలబడిన చోటు వైపు చూశాడు.

“ఆ సారు చెడ్డోడేం కాదు బిడ్డా,” అన్నాడు. “నీ లెక్కనే, కండ్లల్ల నీళ్ళు పెట్టుకుని మాట ఇచ్చిండు.”

అని వంగి, మన్ను కింద నలిగిన కంపను కొమ్మ కొమ్మగా బయటికి లాగడం మొదలుపెట్టాడు. ఇక అది దేనికీ పనికిరాదు.

దయాసాగర్ కలం తీశాడు. అర్జీలో జవాబు చెప్పవలసిన వాళ్ళ పేర్లు, పెద్దసారు మొదలు ఇటుకబట్టీల యజమాని దాకా, నాలుగున్నాయి. అందులో ఒక్కటీ కొట్టెయ్యలేదు. వాటి కింద అయిదోదిగా, ఇంటిపేరుతో సహా, తన పేరు రాశాడు. ఆ కిందనున్న ఆఖరి వాక్యాన్ని మార్చలేదు.

“రేగులకుంట దిబ్బ ఏమైందో పైన పేర్లున్న ప్రతి ఒక్కరూ జవాబు చెప్పాలి. గడువు మే ఇరవయ్యో తేదీ.”