కందిగింజంత ఊదా

వీరేశం చేతిలో మొదట ఉన్నది తొమ్మిది వేల రూపాయలు, ఒక ప్రశ్న. కిరాణా కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చుని కూడబెట్టిన ఆ సొమ్ము దాచిపెట్టుకునే చార్‌కమాన్ వెనక సందులో రాళ్లు సానపట్టే సోమలింగాచారి దగ్గర శిష్యుడిగా చేరాడు. సొమ్ము ఏడు నెలలు కదల్లేదు. ప్రశ్న మాత్రం రోజూ నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. సానచక్రం తిరుగుతున్నంతసేపు ఆచారి ఎవరికీ జవాబివ్వడు; అది ఆగిందంటే భోజనానికి లేస్తాడు. ఆయన అలవాటు అది.

ఒక మధ్యాహ్నం ఆచారి చేతులు కడుక్కుంటూ ఉండగా వీరేశం ఇక ఆగలేక అడిగేశాడు.

"గురువుగారూ, నాకొచ్చిన పని కొంచెమే. ఆ కొంచెమే నలుగురికి కనిపించేటట్టు ముందర పెట్టుకుంటే తప్పేముంది? పక్క సందుల గది ఖాళీగ ఉన్నది. బోర్డు కూడ రాయించిన."

"ఏమని రాయించినవ్?"

"వీరేశం, రత్నాల నిపుణుడు."

"అక్షరాలు పెద్దగున్నయా?"

"రోడ్డు అవతలి నుంచి కూడ కనిపిస్తయి."

ఆచారి తువాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "రాయి ఉన్నదా మరి?"

ఉంది. ఆ పొద్దున్నే తొమ్మిది వేలూ పెట్టి కొన్నాడు. ఉసిరికాయంత అమెథిస్ట్ అనే ఊదారంగు రత్నం, అరవై క్యారెట్ల ముడిరాయి. మూలమలుపు కంసాలితో మాట కూడా అయిపోయింది: అంచు నుంచి అంచుకి రంగు సమంగా ఉంటే క్యారెట్‌కు ఏడు వందలు. సానలో మూడింట రెండు వంతులు పోయినా ఇరవై క్యారెట్లు మిగులుతాయి; పద్నాలుగు వేలు. అందులో గది అడ్వాన్సు పోను మిగిలేదెంతో కూడా వీరేశం లెక్క కట్టేసుకున్నాడు. రంగు సమంగా లేకపోతే కంసాలి ముట్టుకోడు. అప్పుడు గదీ లేదు, బోర్డూ లేదు, మళ్లీ ఆ గల్లాపెట్టే.

జేబులోంచి పొట్లం తీసి తెల్లకాగితం మీద విప్పాడు. విప్పినవాడు అలాగే ఉండిపోయాడు. రాయి పటికబెల్లం ముక్కలా తెల్లగా ఉంది. ఒక్క మొనలో మాత్రం, కందిగింజంత మేర, చిక్కటి ఊదా.

"దుకాణంల నీళ్లల్ల ముంచి చూసినప్పుడు అంతట ఊదాగనే ఉండె," అన్నాడు.

"ఆరేదాక ఆగితే దుకాణపాయన కొట్టునా?"

అమెథిస్ట్ స్ఫటికం జాతిది. గాజును గీస్తుంది, చాకుకు లొంగదు, కానీ రంగు దగ్గర పిసినారి. ఒళ్లంతా పరుచుకోదు, ఎక్కడో ఒక మొనలో దాచుకుంటుంది. ఈ సంగతి అతడు ఏడు నెలల కిందటే విన్నాడు.

"ఇప్పుడేం చేస్తవ్?" అన్నాడు ఆచారి.

"రంగును పైకి పెడత. చూసెటోని కంటికి ముందు అదే తగలాలె."

"ఇటియ్యి."

ఆచారి భోజనం సంగతి మరిచి చక్రం ముందు కూర్చున్నాడు. ముందు తెల్లగా ఉన్న కొసను చదును చేసి మెరుగు పెట్టాడు. తర్వాత సన్నని దీపం మీద లక్కను మెత్తబరిచి, రాయిని దూరంగా పట్టి మెల్లమెల్లగా వెచ్చబెట్టాడు. సెగ ఒక్కసారిగా తగిలితే ఈ రాయి లోపల చీలుతుంది. మరీ కాలితే ఊదా పోయి పసుపు తిరుగుతుంది. రాయి చీలలేదు. కానీ ఆచారి లక్కపుల్లకు అతికించింది చదును చేసిన తెల్లటి వైపు. ఊదా మొన బయట, చక్రానికి ఎదురుగా ఉంది.

"గురువుగారూ, తిరగేసి అతికించిన్రు."

చక్రం తిరగడం మొదలైంది.

వీరేశం ఆ పని ఎరిగినవాడే. లక్కకు అతికిన చదును రాయికి ముఖమవుతుంది. చక్రం వైపున్నది అడుగవుతుంది. అడుగును నలువైపులా అరగదీసి మొనగా దించుతారు. అంటే చక్రం అన్నిటికంటే ఎక్కువగా తినేది ఆ మొన చుట్టూనే. తన తొమ్మిది వేలూ ఉన్నది కూడా అక్కడే.

పైగా చక్రం కింద చెక్క నీళ్లకు నాని పుచ్చిపోయింది. మోటారు అదిరినప్పుడల్లా చక్రం వెంట్రుకవాసి ఊగుతోంది. ఆచారి ఆ ఊపుకు తగ్గట్టు మణికట్టు సవరించుకుంటూ ఒక్కొక్క పలక దించుతున్నాడు. తెల్లటి బురద నీళ్లతో పాటు జారింది. కాసేపటికి చక్రం ఊదా అంచును అందుకుంది. వీరేశం తలలో లెక్క ఆగడం లేదు: ఊదా వెడల్పులో నాలుగో వంతు పోయింది, మూడో వంతు పోయింది. సగం. అతడి చెయ్యి తెలియకుండానే మోటారు స్విచ్చు మీదికి వెళ్లింది.

ఆచారి తల తిప్పి చూశాడు, అంతే. రాయి ఆనించి ఉండగా చక్రం ఆగితే మొన విరుగుతుంది. వీరేశం చెయ్యి వెనక్కి తీసుకుని చంకలో ఇరికించుకున్నాడు.

చాలాసేపటికి, మెరుగు కూడా పెట్టాక, ఆచారి తనంతట తానే చక్రం ఆపాడు. లక్కపుల్ల పైకెత్తితే మొన చివర ఊదా మెంతిగింజంత మిగిలింది.

"పోయింది," అన్నాడు వీరేశం. "కందిగింజ మెంతిగింజయింది."

ఆచారి లక్క విడదీసి, రాయి తుడిచి, తిరగేసి చదునైన ముఖం పైకి వచ్చేట్టు రెండు వేళ్ల మధ్య అతడి కళ్ల ముందు పట్టాడు.

ముఖమంతా ఊదా. అంచు నుంచి అంచుకి, ఎక్కడా తెలుపు లేకుండా, పండిన నేరేడు కొరికినట్టు ఊదా. వీరేశం తల అటు వంచి చూశాడు, ఇటు వంచి చూశాడు. తెల్లటి మూల దొరకలేదు. రాయి తీసుకుని తిరగేశాడు: మొనలో మెంతిగింజ, తక్కినదంతా తెలుపు. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతా ఊదా. ముఖంలోంచి దిగిన వెలుగు అడుగున మొనను తాకి, ఆ రంగునే మోసుకుని పైకి తిరిగొస్తోంది.

చాలాసేపు అతడికి ఏ అంకే తోచలేదు.

"అంచులు ఇంక పట్టాలె," అన్నాడు ఆచారి లేస్తూ. "అవి నువ్వే పడతవ్. చక్రం ఊగొద్దు. నీ బోర్డు ఏం చెక్క?"

"టేకు. ముప్పావు అంగుళం మందం."

"తీస్కరా. చక్రం కింద వేద్దం."

వీరేశం రాయిని కాగితంలో చుట్టి ఆచారి పీట మీద పెట్టాడు. చెప్పులు వేసుకుని గుమ్మం దాటబోతూ ఆగాడు.

"పెయింటు ఇంక పచ్చిగనే ఉన్నది, గురువుగారూ."

ఆచారి కంచం ముందు కూర్చుంటూ అన్నాడు: "అక్షరాలు కిందికుండాలె."