కపర్ది మస్తులుంగం

కపర్దికి ఒక మాట అడ్డం పడింది. మస్తులుంగం.

తలలో ఉండే మెదడుకు సంస్కృత వైద్యులు పెట్టుకున్న పేర్లలో అదొకటి. అంతవరకు ఎవరికీ తగాదా లేదు. కాని కాశీలో వ్యాకరణం చదివి, ఆ తరువాత వైద్యానికి వచ్చినవాడికి అంతటితో సరిపోతుందా? మస్తు అంటే పెరుగు మీద తేరే నీరు గదా, తలలో ఉండేది అలాంటిదేనా? ఒక వ్యాఖ్యాత పేరుకున్న నెయ్యిలా ఉంటుందన్నాడు. మరొకాయన మూలుగ అన్నాడు. నెయ్యా, నీరా, మూలుగా?

పెన్న ఒడ్డున వైద్యం చేసుకుంటున్న పరాంకుశం వైద్యులుగారికి శిష్యుడి నోట ఇది వినీ వినీ విసుగెత్తింది. పొద్దున పళ్లు తోముకుంటుంటే మస్తులుంగం. విస్తరి ముందు కూర్చుంటే మస్తులుంగం. అంతకుముందు ఇలాగే, ఒంట్లో ఏ అవయవమో వ్యాఖ్యాతలకే తేలని క్లోమం అన్న మాట పట్టుకుని గురువును వేపుకు తిన్నాడు. మొండి రోగాలైనా వదిలాయి గాని ఆ క్లోమం ఓ పట్టాన వదల్లేదు. నిజం చెప్పాలంటే శిష్యుడు మంచివాడే. కషాయం పొంగనివ్వడు. మందు నూరితే గంధమే. ఉన్న తెగులల్లా, రోగి వస్తే ముఖం చూడడు, తాటాకు చూస్తాడు.

"గురువుగారూ, అర్థం తేలకపోతే చికిత్స ఎలా తేలుతుందండీ?"

"నాకు తేలకుండానే ఇంతకాలం గడిచిందిరా."

"నా బాధా అదేనండీ."

వైద్యులుగారు సంచీ భుజాన వేసుకుని ఏటివైపు వేర్ల కోసం వెళ్లిపోయారు. ఏట్లో నీళ్లు తక్కువగా ఉన్నాయి గాని, ఆ పూట ఆయనకు మనశ్శాంతి మాత్రం కావలసినంత దొరికింది.

తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అరుగు మీద నేతపనివాళ్ల కోడలు అంకమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో నెలల పిల్ల, వాడిన తమలపాకులా.

"ఎంతసేపయిందమ్మా వచ్చి?"

"పొద్దెక్కక ముందే వచ్చినానయ్యా. నిన్నటినుంచి నీళ్ల విరేచనాలు. పాలు పట్టుకోవడం లేదు. మాడు గుంట పడిందని చిన్నయ్యగారికి చెప్పినాను. గ్రంథం చూసి వస్తానన్నారు."

అప్పుడే కపర్ది లోపలినుంచి తాటాకు పట్టుకుని వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"దొరికింది గురువుగారూ. పసివాళ్లకు మస్తులుంగం తగ్గితే మాడు లోపలికి దిగుతుందట. మరి అది నెయ్యి వంటిదైతే నేతితో వైద్యం చెయ్యాలి. పెరుగునీటి వంటిదైతే..."

"పిల్లను తాకావా?"

"ఇంకా లేదండీ. ముందు అర్థం..."

వైద్యులుగారి నోటికి చాలా మాటలు వచ్చాయి. కొన్ని కాశీ మీద, కొన్ని వ్యాకరణం మీద, ఒకటి రెండు కపర్ది తండ్రిగారి మీద కూడా. అన్నీ మింగారు. శిష్యుడి చేతిలోని తాటాకు లాగి అవతల పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని పిల్ల మాడు మీద ఉంచారు.

కపర్ది వేళ్లు గుంటలోకి దిగాయి. అడుగున ఏదో సన్నగా, తొందర తొందరగా కొట్టుకుంటోంది. అతని ముఖంలో వెలుగు పోయింది.

"గురువుగారూ, ఇది..."

"మాట్లాడకు. చెయ్యి తియ్యకు."

ఆయనే పొయ్యి రాజేసి, పలచటి గంజి కాచి, ఉప్పు రాల్చి, చల్లార్చి తెచ్చారు. ఉగ్గుగిన్నె అంకమ్మ చేతికిచ్చారు.

"చుక్క చుక్కగా పొయ్యమ్మా. కక్కితే కాస్త ఆగి మళ్లీ పొయ్యి. మధ్యలో పాలూ ఇస్తూ ఉండు."

మొదటి గిన్నెడూ పిల్ల కక్కేసింది. రెండోదానిలో సగం కక్కింది. అంకమ్మ పెదవి కొరుక్కుని మూడోది మొదలుపెట్టింది. కపర్ది కదల్లేదు.

"కళ్లు ఎందుకు మూసుకున్నావురా?"

"కొట్టుకోవడం ఆగిపోతుందేమోనని భయంగా ఉందండీ."

చాలాకాలానికి శిష్యుడి మాట వైద్యులుగారికి విసుగు పుట్టించలేదు.

నీడ అరుగు దిగేవేళకు పిల్ల ఉచ్చ పోసి తల్లి చీర తడిపింది. అంకమ్మ ఆ తడి చూసుకుని ఏడుపూ నవ్వూ కలిపేసింది. ఆ తరువాత పిల్ల గుక్కపట్టింది. ఏడుపుతో పాటు కన్నీళ్లూ వచ్చాయి. కపర్ది చేతికింద మాడు మెల్లగా పైకి తేరుతోంది. అతను మెడ నిటారుగా పెట్టుకున్న తీరులోనే అది వైద్యులుగారికి అర్థమైంది.

"గంజి ఇంటి దగ్గర కూడా పోస్తూ ఉండు. తెల్లారగానే మళ్లీ తీసుకురా" అన్నారాయన.

అంకమ్మ లేవబోతూ కపర్దిని అడిగింది. "చిన్నయ్యా, ఈలోపల మళ్లీ ఇట్లా అయితే నాకెట్లా తెలిసేది?"

శ్లోకం తప్పదనుకుని వైద్యులుగారు గోడకు జారగిలబడ్డారు.

కపర్ది పిల్ల తల మీదినుంచి చెయ్యి నెమ్మదిగా తీశాడు.

"నీ చెయ్యి ఇక్కడ పెట్టి చూడమ్మా."