రెండో ట్యూబు

అనకాపల్లి మహలక్ష్మినాయుడు వస్తాదు గారికి ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ళని ఒకసారి ఎగాదిగా చూసి ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని అయ్యేలోగా జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే రేపు మళ్ళీ అడగమంటారు. నేను ఆయన తాలింఖానాకి కుస్తీ నేర్చుకుందామని వెళ్ళినవాణ్ణి కాను. పోస్టాఫీసు కుర్చీలో ముప్ఫై ఏళ్ళు కూర్చుని బిగుసుకుపోయిన నడుముకి ఆయన చేత నూనె మర్దనా చేయించుకుందామని వెళ్ళాను. నొప్పి తగ్గాక కూడా వెళ్ళడం మానలేదు. తెల్లారేసరికి అక్కడ కుస్తీ నేర్చుకునే ఆడపిల్లలు ఒకళ్ళనొకళ్ళు ఎత్తి కుదేస్తూ ఉంటే చూడకుండా నాకు కాఫీ దిగదు. రత్నం అడిగిన ప్రశ్నకి ఆయన ఇచ్చిన జవాబు కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

రత్నం అసలు పేరు నూకరత్నం. యాభై ఏడు కిలోల విభాగంలో మా జిల్లాలో ఆ పిల్లని పడగొట్టినవాళ్ళు లేరు. రాష్ట్ర జట్టు ఎంపిక పోటీల్లో మాత్రం రెండేళ్ళు వరసగా చివరి కుస్తీలో ఓడి వచ్చింది. ఇరవై మూడేళ్ళ లోపు వాళ్ళకి పెట్టే పోటీలవి. ఈ ఏడు దాటితే వయసు దాటిపోతుంది, ఇక ఆ గుమ్మం ఎక్కనివ్వరు. అలాంటి సమయంలో, పోటీలకి రెండు నెలలు ఉందనగా, నడుము పక్కన రూపాయి బిళ్ళంత తామర లేచింది. చెమట పట్టిన ఒళ్ళు ఒకదానికొకటి రాసుకునే చోట తామర కొత్త రోగమేం కాదు. కానీ పోటీల రోజున బరువు తూచేటప్పుడు డాక్టరు ఒళ్ళంతా పరీక్ష చేస్తారు. తామర కనబడితే ఎంత మొనగత్తెనైనా పక్కన కూర్చోబెడతారు.

గోకి గోకి అది ఎర్రగా వాచి మండుతూ ఉంటే, చర్మవ్యాధుల డాక్టరు సుభాషిణి గారు రెండు ట్యూబులు రాసిచ్చారు. మొదటిదాంట్లో రెండు మందులు కలిసి ఉంటాయి. ఒకటి తామరకి మూలమైన ఫంగస్‌ని చంపేది, రెండోది మంటనీ దురదనీ ఎరుపునీ అణిచే స్టెరాయిడు. దాన్ని ఒక్క వారం, పూటకి ఒకసారి చొప్పున రెండు పూటలా, మచ్చ మీద పల్చగా రాసుకుని ఆపెయ్యాలి. ఆ తర్వాత రెండో ట్యూబు. అందులో స్టెరాయిడు లేదు, ఫంగస్‌ని చంపే మందొక్కటే. అది మూడు వారాలు రాయాలి, మచ్చ కనబడకపోయినా రాయాలి. ముఖానికి పూయకూడదు, గజ్జల్లో తనని అడక్కుండా పూయకూడదు, పైన గుడ్డతో బిగించకూడదు, ఇంకొకళ్ళకి ఇవ్వకూడదు. ఇవన్నీ చీటీ వెనక తెలుగులో రాసి మరీ పంపించారు.

రత్నం ఆ చీటీని భద్రంగా మడిచి సంచీలో పెట్టింది, మళ్ళీ విప్పి చూడలేదు. తాలింఖానా పద్ధతులు ఆ పిల్లకి వేరే ఉన్నాయి మరి. అక్కడ ఒంటికి ఏది రాసినా మర్దనా చేసే రాస్తారు. అక్కడ నాది అన్నమాట కూడా లేదు, బాదం పాల దగ్గర్నుంచి తువ్వాలు దాకా అన్నీ అందరివే. రత్నం జతకత్తె వరహాలు గట్టి చేతుల మనిషి. ఆవిడ ఆ ట్యూబులో సగం ఒక్కసారే పిండి, నూనె పట్టించినట్టు అరగంట సేపు రత్నం నడుముకి పట్టించింది. మందు ఊడిపోకుండా పైన నడికట్టు బిగించి కట్టింది. చేతికి అంటుకున్నది వృథా చేయడం ఎందుకని తన బుగ్గ మీది నల్లమచ్చకి రుద్దుకుంది. అదంతా నా ఎదురుగానే జరిగింది. ఎంత అభిమానమో అని నేను మురిసిపోయాను కూడా, నా తెలివి అంత.

మూడో రోజుకి దురద మాయం, ఎరుపు మాయం. మహత్తరమైన మందని ఇద్దరూ గంతులేశారు. తగ్గిపోయాక ఇంకా మందేమిటని రెండో ట్యూబు మూత తియ్యలేదు. పది రోజులకి తామర మళ్ళీ లేచింది, ఈసారి అరచేతంత. రత్నం డాక్టరు దగ్గరికి పోలేదు, మందుల షాపుకి పోయి మొదటి ట్యూబే అడిగి తెచ్చుకుంది. మళ్ళీ రెండు రోజుల్లో హాయి, మళ్ళీ వారానికి రోగం. అలా మూడుసార్లు. ప్రతిసారీ హాయి పొట్టిదై రోగం వెడల్పయింది. నడికట్టు కింద చర్మం ఉల్లిపొరలా పల్చబడి ఎర్రటి చారలు తేలాయి. వరహాలు బుగ్గ కందిపోయి చిన్న చిన్న పొక్కులు పోసింది. అప్పటికి గానీ వస్తాదు గారి చెవిన పడలేదు. ఆయన ఇద్దర్నీ ఆటో ఎక్కించారు. తోడుగా నన్నూ రమ్మన్నారు.

సుభాషిణి గారు నడుము మీది పొట్టు గీకి తీసి మైక్రోస్కోపులో చూశారు. ఫంగస్ నిక్షేపంగా ఉందన్నారు. ఎలా రాసుకున్నావని అడిగితే, రత్నం బదులు వరహాలే ముందుకొచ్చి, రెండు చేతులతో గాలిలో మర్దనా చేసి చూపించింది. డాక్టరు గారు తల పట్టుకున్నారు.

"ఇది నూనె కాదమ్మా, వేలికొనంత మందు చాలు. నువ్వు బిగించి కట్టిన ఆ గుడ్డ స్టెరాయిడుని లోపలికి తోసింది. దురద పోయింది, రోగం పోలేదు. ఒంటి కాపలా కూడా అణిగిపోయి, లోపల దానికి అడ్డు చెప్పేవాళ్ళు లేకుండా పోయారు," అన్నారావిడ.

స్టెరాయిడు ఉన్న ట్యూబు ఇక ఇద్దరూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. వరహాలు బుగ్గ సంగతి వేరే చూస్తానన్నారు. రత్నానికి రెండో ట్యూబు, దానితో పాటు మాత్రలు, ఇరవై ఎనిమిది రోజులు. స్టెరాయిడు ఒక్కసారిగా మానేసరికి మొదటి వారం దురద రెచ్చిపోతుందనీ, అప్పుడు బెదిరి మళ్ళీ పాత ట్యూబు తియ్యొద్దనీ, తట్టుకోలేకపోతే తన దగ్గరికే రమ్మనీ చెప్పారు. తను చూసి సరే అనేదాకా ఎవరితోనూ కుస్తీ పట్టకూడదు. రత్నం వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. పోటీలు ఇరవై ఆరు రోజుల్లో ఉన్నాయి.

డాక్టరు చెప్పినట్టే అయింది. నాలుగో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి రత్నం తాలింఖానా అరుగు మీద ఒక్కర్తే కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి, గోళ్ళు నడుము మీదికి పోకుండా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. పక్కనే సంచీ, అందులో ఇంకా సీలు తియ్యని మొదటి ట్యూబొకటి. అంతకు ముందే కొని దాచుకున్నదట. లోపల మిగతా పిల్లలు దంచి పారేస్తున్నారు. ఆ చప్పుళ్ళు వింటూ బయట కూర్చోవడం ఆ పిల్లకి దురదని మించిన బాధ. నాకు జాలేసింది. ఒక్కసారి రాసుకుంటే ఏం పోతుందిలే అని నోటిదాకా వచ్చిందంటే అబద్ధం కాదు.

వస్తాదు గారు గుమ్మంలోకి రాగానే రత్నం లేచి నిలబడి అడిగేసింది.

"గురువుగోరూ, రెండ్రోజుల్లో తగ్గించీ మందు నా సంచీలో ఉంది. దాన్ని ఒగ్గేసి, తగ్గించని మందు నెల్లాళ్ళు ఎందుకు రాసుకోవాలండీ?"

ఆయన ఆ పిల్లని ఎగాదిగా చూశారు. మెడలోంచి ఈల తీసి చేతిలో పెట్టారు. ఒళ్ళు తగలకుండా దూరం నుంచి చూడొచ్చు కదా, ఇవాళ వరహాలుకీ కుమారికీ కుస్తీ, రిఫరీవి నువ్వే అన్నారు.

కుమారి అంటే చేరి ఏడాది కూడా కాని పిల్ల, వరహాలు చెయ్యి విసిరితే అల్లంత దూరాన పడుతుంది. అయినా ఆ రోజు పట్టు చూడాలి. వరహాలు మీదికి ఉరికింది, కుమారి పక్కకి జారింది. మళ్ళీ ఉరికింది, మళ్ళీ జారింది. అందరూ గోల పెడుతున్నారు. రత్నం దురద మరిచిపోయి మ్యాట్ చుట్టూ తిరుగుతోంది, కళ్ళలో మెరుపు వచ్చేసింది. నాలుగు నిమిషాలకి వరహాలు కుమారిని నడుం పట్టి లేపి కింద వేసింది, మీద పడి పెనవేసి బిగించింది. కుమారి కాళ్ళు తన్నుకుంది, మెలికలు తిరిగింది, కేక పెట్టింది. ఆ తర్వాత ఒక్కసారిగా చప్పబడిపోయింది. కాలు కదలదు, గొంతు లేవదు. రత్నం ఉత్సాహం పట్టలేక ఈల ఊదేసింది. వరహాలు పట్టు వదిలి, చేతులు పైకెత్తి లేచింది.

లేస్తున్న కాలు కుమారి చేతికి చిక్కింది. నేను రెప్ప వేసి తెరిచేసరికి వరహాలు వెల్లకిలా ఉంది, ఆ చిన్నది గుండెల మీద ఉంది. అందరూ ఒకటే నవ్వులు, ఒకటే తగాదా. ఈల వేశాక పట్టుకోవడం అన్యాయం అని వరహాలు. రెండు బుజాలూ ఆనితేనే కదా ఓటమి, నా ఎడం బుజం మ్యాట్‌కి తగలనే లేదు, ఈలెలా వేస్తారని కుమారి. వస్తాదు గారు చెప్పి చేయించారో, దానంతటది జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన ఆ ఇద్దరి జోలికీ పోలేదు, రత్నం దగ్గరికి వచ్చారు.

"ఈలెందుకు ఊదేవమ్మా?"

"కదలడం మానేసింది కదండీ."

"కదలడం మానేస్తే ఓడిపోయినట్టేటి? బుజాలు సూసేవా?"

రత్నం చేతిలోని ఈల వైపు చూసింది. తర్వాత అరుగు దగ్గరికి వెళ్ళి సంచీలోంచి సీలు తియ్యని ట్యూబు తీసి ఆయన చేతికిచ్చింది. డాక్టరమ్మకి ఇచ్చేయండి అంది. ఆయన తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నారు, ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

అక్కణ్ణుంచి మా తాలింఖానాకి పండగ కళ వచ్చింది. రోజూ పొద్దున్నే, ఇవాళ ఎన్నో రోజు అని అందరూ అడిగేవారు, రత్నం వేళ్ళు చూపించేది. వదులు బట్టలు వేసుకునేది, తన తువ్వాలు తనదే, వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేసేది. మందు రాసుకోవడం వరహాలు చేతుల్లోంచి లాక్కుని తనే చేసుకునేది. కడిగిన చేత్తో, పల్చగా, మచ్చ అంచు దాటి రెండు వేళ్ళ మేర. తువ్వాళ్ళ దగ్గర నాది అన్నమాట తాలింఖానాలోకి మొదటిసారి వచ్చింది, ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. ఎనిమిదో రోజుకి మంట తగ్గింది. పన్నెండో రోజుకి మచ్చ చుట్టూ లేచిన అంచు విరిగింది. పదిహేడో రోజున సుభాషిణి గారు మళ్ళీ పొట్టు తీద్దామని చూస్తే గీకడానికి ఏమీ దొరకలేదు. మ్యాట్ ఎక్కొచ్చు, మందు మాత్రం చివరి రోజుదాకా ఆపకూడదు అన్నారు. ఆ పూట రత్నం మ్యాట్ మీదికి దూకిన దూకుడు చూసి నేను ఈలవేశాను, ఆ వయసులో.

పోటీల రోజున చీకటితో బయల్దేరాం. బరువు తూచేచోట డాక్టరు రత్నం నడుము దగ్గర ఆగారు. అక్కడ లేత గోధుమరంగు మచ్చ, నాలుగు సన్నటి చారలు మిగిలి ఉన్నాయి. ఆ చారలు ఎప్పటికి పోతాయో, అసలు పోతాయో లేదో సుభాషిణి గారు కూడా చెప్పలేకపోయారు. పోటీల డాక్టరు భూతద్దం తెప్పించారు. చర్మం లాగి చూశారు, అంచు తడిమి చూశారు. రత్నం మందుల చీటీ చూపించింది, తేదీలన్నిటికీ వరసగా గుర్తులు పెట్టి ఉన్నాయి, ఇంకా రెండు రోజుల మందు మిగిలి ఉంది. మేం గుమ్మం అవతల నిలబడ్డాం. వరహాలు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే రెండు రోజులు వాపు తగ్గలేదు. చివరికి ఆయన చీటీ మడిచి ఇచ్చి, వెళ్ళమ్మా అన్నారు.

ఇక కుస్తీల సంగతి చెప్పాలంటే ఒళ్ళు పులకరిస్తుంది. మొదటి రెండూ ఇట్టే అయిపోయాయి. చివరిది కర్నూలు పిల్లతో, పోయిన ఏడు రత్నాన్ని ఓడించినది ఆ పిల్లే. రత్నం ఆరు నాలుగుతో వెనకబడి ఉంది, ఇంక ఇరవై సెకన్లే. మా వాళ్ళు అరవడం కూడా మానేశారు. రత్నం వంగి, ఒక్క ఉదుటున ఆ పిల్ల రెండు కాళ్ళూ దొరకబుచ్చుకుని, భుజాన ఎత్తి, తిప్పి వేసింది. రిఫరీ నాలుగు పాయింట్లని నాలుగు వేళ్ళు చూపించాడు. ఎనిమిది ఆరు. గంట మోగింది.

తర్వాత ఏం జరిగిందో నాకే సరిగ్గా తెలియదు. నేను కుర్చీ ఎక్కి అరుస్తున్నానని తర్వాత చెప్పారు. పిల్లలు రత్నాన్ని భుజాల మీద ఎక్కించుకున్నారు, వరహాలు ఏడుస్తూ నవ్వుతూ ముందు దారి చేస్తోంది, కుమారి ఎక్కడో దండ సంపాదించి మెడలో వేసింది. రాష్ట్ర జట్టులో మా పిల్ల. మూడేళ్ళ ఎదురుచూపు ఒక్క పూటలో తీరింది. ఆ గుంపుని చీల్చుకుంటూ వస్తాదు గారు మెల్లగా వస్తుంటే అందరూ తప్పుకున్నారు. ఆయన నోటి వెంట మెచ్చుకోలు ఎవరూ వినలేదు ఇంతవరకూ, ఈ రోజైనా వింటామని మేమంతా చెవులు రిక్కించాం. రత్నం కిందికి దిగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆయన తల మీద చెయ్యి వేసి, అలాగే కాసేపు ఉంచి, వంగి అడిగారు.

"పొద్దుటి మందు రాసుకున్నావా అమ్మా?"