గురువులు కట్టిన ఏనుగు

"ఓలమ్మో! గురువులింటి తలుపు ఎవరో ఎత్తుకుపోయారర్రా!"

ఎదురింటి మరిడయ్య వేసిన కేక వీధి చివరిదాకా వినిపించింది. జనం పరుగున వచ్చారు. గురువులు తాపీగా బయటికొచ్చి మీసం మెలేశాడు.

"అరవకు బావా. పగలల్లా తలుపు తెరిచే ఉంటుంది కదా? తెరిచున్న తలుపు దేనికి పనికొస్తుంది చెప్పు? అందుకే ఊడదీశాం. బుర్రంటే ఇలా ఉండాలి!"

సంగతేమిటంటే, ముందురోజు పంచాయతీవాళ్ళు మైకులో చెప్పారు. ఇంట్లో పనికిరాని సామానుతో జంతువు బొమ్మ చెయ్యాలి, బాగున్నదానికి బహుమతి అని. మరిడయ్య కొబ్బరి చిప్పలతో కోడిపుంజు చేస్తూ, "మీ ఇంటిల్లిపాది బుర్రలూ కలిపినా ఎలకపిల్ల తయారవదు బావా" అన్నాడు. గురువులుకి రోషం పొడుచుకొచ్చింది. "ఓడితే నా మీసం తీసేస్తా. గెలిస్తే మా అందరికీ నువ్వు భోజనం పెట్టాలి!" అని పందెం కాసేశాడు. అది మామూలు మీసమా? ఊళ్ళో ఎవరైనా గురువుల్ని చూసి 'అబ్బా' అన్నారంటే ఆ మీసం చూసే.

అంతే, ఇల్లంతా వెతుకులాట. తమ్ముడు పెంటయ్య అరిగిన టైరు, చిల్లుల బకెట్టు, తెగిన చెప్పులు పట్టుకొస్తే గురువులు కసిరాడు.

"ఓరి తెలివితక్కువోడా! అవి ఎప్పుడైనా పనికొస్తాయని అమ్మ ఎన్నాళ్ళనుంచో దాస్తోందిరా. అటకెక్కించెయ్. ఇప్పుడు పనికిరానిది చూడు. మంచం మీద ఎవరైనా పడుకున్నారా?"

"లేదన్నయ్యా."

"అయితే అది పనికిరానిదే. తే!"

మంచం ఏనుగు పొట్టయింది, తలుపు వీపయింది. వాన లేదు కాబట్టి గొడుగులు చెవులయ్యాయి. చద్దన్నం తినేశారు కాబట్టి అన్నం వండే డేగిసా తలకాయయింది. మరి తొండం? ఎవరికీ దాహం వెయ్యట్లేదని గురువులు పెళ్ళాం అచ్చియ్యమ్మ కుళాయి గొట్టం పీకేసింది. ఇంకేముంది, నీళ్ళు చిమ్మి పొయ్యి ఆరిపోయింది.

"పొయ్యి పోయిందే!"

"డేగిసా లేని పొయ్యి ఎందుకండీ? మంచిదే అయింది."

అంతలో వాన. ఇంటిల్లిపాదీ పరిగెత్తి ఏనుగు చెవుల కింద ముడుచుకున్నారు.

"ఇంట్లోకి పోండర్రా!" అన్నాడు మరిడయ్య.

"గొడుగులుండగా ఇంట్లోకెందుకు బావా?"

వాన వెలిశాక సర్పంచి నూకరత్నంగారు వచ్చింది. "అబ్బో! ఇప్పుడే నడిచి వెళ్ళిపోయేలా ఉందే!"

పెంటయ్య గబగబా ఏనుగు కాలికి తాడు కట్టి, రెండో కొస తన నడుముకి చుట్టుకున్నాడు. "ఇక ఎక్కడికీ పోదండి."

"అన్నీ కుదిరాయి గానీ, తోకకి కుచ్చేదీ? అదొక్కటీ ఉంటే బహుమతి మీదే. మిగతా ఇళ్ళు చూసొస్తా, ఈలోగా పెట్టండి."

గురువులు ఇల్లంతా కలయజూశాడు. నల్లటి వెంట్రుకలు ఇప్పటికిప్పుడు ఎక్కడ దొరుకుతాయి? అయిపోయింది, మీసం పోయినట్టే! కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. ఉన్నట్టుండి ఉపాయం తట్టింది. లోపలికి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి మూతికి తువ్వాలు, చేతిలో నల్లటి కుచ్చు. దాన్ని తోకకి కట్టేశాడు.

సర్పంచిగారు చూసి, "బహుమతి ఏనుగుకే!" అంది. ఒకటే చప్పట్లు.

మరిడయ్య తల గోక్కున్నాడు. "ఒప్పుకున్నా బావా, నీ మీసం దక్కింది. ఏదీ, ఒక్కసారి మెలెయ్యి."

గురువులు తువ్వాలు తీశాడు. మూతి నున్నగా మెరిసింది.

"మీసమేది బావా!"

"మీసం దక్కాలంటే గెలవాలి కదా? గెలవాలంటే కుచ్చుండాలి కదా? అందుకే గొరిగేశా. లేకపోతే ఈపాటికి మీసం పోయుండేది!"

మరిడయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు గానీ మాట తప్పలేదు. అతని పెళ్ళాం చిన్నతల్లి వాకిట్లో ఆకులు వేసింది. సర్పంచిగారితో సహా అందరూ బంతికి కూర్చున్నారు. పెంటయ్య ఏనుగుని ఈడ్చుకుంటూ వచ్చి మరీ కూర్చున్నాడు. వంకాయ కూర, పప్పు, ఆఖర్న మజ్జిగ. గురువులు గ్లాసెత్తి గటగటా తాగి, అలవాటుగా మీసం తుడుచుకోబోయాడు. చేతికేమీ తగల్లేదు. కాస్త ఆలోచించాడు. లేచి వెళ్ళి ఏనుగు తోక శుభ్రంగా తుడిచొచ్చి, మళ్ళీ ఆకు ముందు కూర్చున్నాడు.

"ఇంకాస్త మజ్జిగ పొయ్యి, చెల్లెమ్మా."