తెర వెనక రికార్డు

సింగవరం దొరకి జాజ్ రికార్డుల పిచ్చి. ఏది తొలి అచ్చో, ఏది తర్వాత తీసిన నకలో చెవితోనే చెప్పేస్తానని ఆయన గొప్ప. పట్నంలో జాజ్ బ్యాండులో డ్రమ్ములు వాయించిన, ఇప్పుడు లేని భర్త దాచుకున్న రికార్డును సుందరమ్మ ఒకనాడు అమ్మకానికి తెచ్చింది.

"ఈ రికార్డు తొలి అచ్చు నా బీరువాలో ఉంది. నీది నకలు. మొగుడి పేరు చెప్పి మోసం చేస్తావా?" అన్నాడు దొర నిండు సభలో. ఆమె సిగ్గుతో చితికిపోయింది.

గ్రామఫోనుకు కీ ఇచ్చే పోలినాయుడు అది చూడలేకపోయాడు. "దొరా, తెర వెనక రెండూ వేస్తాను. మీరే విని తేల్చండి" అన్నాడు.

మొదటిసారి దొర మొహం చిట్లించాడు. "రేకు డబ్బా మోత! ఇది ఆవిడదే."

రెండోసారి కళ్లు మూసుకుని తలూపాడు. "ఆహా! తొలి అచ్చంటే ఇదీ! ఇది నాది."

పోలినాయుడు తెర తీశాడు. "రెండుసార్లూ సుందరమ్మగారిదే వేశాను దొరా."

"అబద్ధం!"

"మీ రికార్డు బీరువాలో ఉందండి. తాళంచెవి మీ మొలతాడుకే ఉంది. నేనెలా తీస్తాను?"

దొర చెయ్యి మొలకి వెళ్లింది. తాళంచెవి తగిలి అక్కడే ఆగిపోయింది. సభంతా ఆయన్నే చూస్తోంది. ఆ చూపులు ఎలా గుచ్చుకుంటాయో ఇందాకే తెలిసిన సుందరమ్మ ఒక్కతే తల తిప్పుకుంది.