ఓబులమ్మ జవాబు

కెజియాకు చదివింది నిలవడం లేదు.

వైద్య కళాశాలలో ఆమెది చివరి ఏడాది. పోయినసారి రాతపరీక్ష గట్టెక్కింది కానీ వైవాలో పోయింది. ఇప్పుడు మళ్లీ పరీక్షలు దగ్గరికొచ్చాయి. గ్రంథుల పాఠం ఎన్నిసార్లు తిరగేసినా అదే వరస. థైరాయిడ్ పట్టుబడిందనుకునేసరికి అడ్రినల్ జారిపోయేది. అడ్రినల్‌ను వెనక్కి తెచ్చుకుంటే పిట్యూటరీ మసకబారేది.

పుస్తకం మీదే కునుకు పడితే కలలో సన్నటి వాగులు కనిపించేవి. మెదడు కింద, శనగగింజంత గ్రంథి దగ్గర పుట్టి ఒళ్లంతా చప్పుడు లేకుండా పారేవి. ఆమె ఒడ్డున నిలబడి ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచేది. ఏదీ ఆగేది కాదు.

ఒక మధ్యాహ్నం బషీరుద్దీన్ గారి గదికి వెళ్లింది. మెడిసిన్ విభాగానికి ఆయనే పెద్ద. ఎవరినీ గట్టిగా మాట అనేవారు కాదు. అయినా ఆయన ముందు నిలబడాలంటే పిల్లలకు గుండె దడగా ఉండేది. జవాబు చెప్పాక కూడా ఆయన ఇంకా వింటున్నట్టే చూసేవారు.

"ఎంత చదివినా ఉండట్లేదు సార్," అంది కెజియా. "ఒకటి వస్తే ఒకటి పోతోంది. ఎలా గుర్తుపెట్టుకోవాలి?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని లేచారు.

"రా, వార్డుకి పోదాం."

బయట ముసురు పట్టినా ఉక్కపోత తగ్గలేదు. ఆడవాళ్ల వార్డులో అన్నాలు అయిపోయి అందరూ మగతగా పడుకుని ఉన్నారు. కిటికీ అద్దాల మీద నీళ్లు జారుతుంటే గదిలోని వెలుతురు కూడా వాటితోపాటే కదులుతున్నట్టుంది. ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడ్చి ఊరుకుంది.

చివరి మంచం మీద ఒకామె కూర్చుని ఉంది. నలభై దాటి ఉండవు. మొహం ఉబ్బి, చూపు ఎటో ఉంది. పేరు ఓబులమ్మ. పక్కనే ఆమె భర్త తిప్పయ్య బట్టలు మూటగడుతున్నాడు.

"ఆమెకు ఏం బాధో కనుక్కో," అన్నారు సారు.

కెజియా మంచం పక్కకు వెళ్లింది. "అమ్మా, ఏం బాధమ్మా? ఎన్నాళ్లనుంచి? జ్వరం వస్తోందా? ఆకలి ఉందా? నిద్ర పడుతోందా?"

ఓబులమ్మ తల కొంచెం ఎత్తింది.

"పేషెంట్ జవాబు చెప్పట్లేదు సార్."

"చెప్పదు సార్," అన్నాడు తిప్పయ్య, మూట ముడి బిగిస్తూ. "శానా నాళ్లాయ ఇట్లే. ముందు బాగుండె. ఊరంతా ఈమె గొంతే ఇనపడ్తాండె. ఇప్పుడు పొయ్యి కాడ కూచుంటే పొయ్యి కాడే. పిల్లోళ్లు పిల్చినా పలకదు. మతి చూసే ఆసుపత్రికి తీస్కపొమ్మన్నారు. సాయంత్రం బస్సుంది."

ఆ మాటల్లో కోపం లేదు. అలసట ఉంది.

సారు మంచం దగ్గరికి వచ్చారు. ఓబులమ్మ కాలు మెల్లగా మడిచి, పాదాన్ని తన అరచేతిలోకి తీసుకున్నారు. కోటు జేబులోంచి చిన్న సుత్తి తీసి మడమ పైన తట్టారు.

పాదం చటుక్కున కిందికి వంగింది. ఆ తర్వాత వెనక్కి రావడానికి తొందరపడలేదు. నీళ్లలో మునిగిన ఆకు తేలినట్టు, నెమ్మదిగా, నెమ్మదిగా తన చోటికి చేరుకుంది.

కెజియా కళ్లు మెరిశాయి.

"థైరాయిడ్ సార్! హైపోథైరాయిడిజం. కారణాలు: అయోడిన్ లోపం, ఆటో ఇమ్యూన్..."

సారు ఆ జాబితా వినలేదు. రెండు స్టూళ్లు మంచం దగ్గరికి లాగి ఒకదాని మీద తాను కూర్చున్నారు. రెండోది ఆమెకు చూపించారు. కెజియా మాట మధ్యలో ఆపి కూర్చుంది.

"ఒక్క ప్రశ్న అడుగు," అన్నారు.

"అమ్మా, ఏం బాధమ్మా?"

కెజియా ఇంకో ప్రశ్నకు నోరు తెరిచింది. సారు చూపుడువేలు కాస్త పైకెత్తారు. ఆమె నోరు మూసుకుంది.

వాన పడుతోంది. పైన ఫ్యాన్ తన నీడను తానే తరుముకుంటోంది. కెజియాకు మొదట చిరాకేసింది. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత ఏమీ అనిపించలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది.

ఓబులమ్మ కనుబొమలు చివర్లకు వచ్చేసరికి పలచబడి లేకుండా పోయాయి. అంత ఉక్కలో దుప్పటి మెడదాకా కప్పుకుని ఉంది. మోచేతుల మీద చర్మం పొలుసులు కట్టింది. పుస్తకంలో వెంటబడి పట్టుకోవాలని చూసిన లక్షణాలన్నీ ఇక్కడ ఒకటొకటే వచ్చి, ఆ మనిషి మీద వాటి వాటి చోట్ల కూర్చుంటున్నట్టుంది. కెజియా వాటిని పేర్లతో పిలవలేదు.

అప్పుడు చూసింది, ఓబులమ్మ పెదవులు కదులుతున్నాయి. బహుశా చాలాసేపటినుంచే కదులుతున్నాయేమో.

"సలి..."

గొంతు బొంగురుగా, ఎక్కడో లోపలనుంచి వచ్చింది. తిప్పయ్య చేతులు మూట మీదే ఆగిపోయాయి.

"ఎండలో కూచున్నా... సలే."

కెజియా కదల్లేదు. ఇంకా ఏదో రాబోతోందని ఎందుకో తెలిసింది.

"ఎవురన్నా అడిగితే... సెప్దామనే ఉంటాది. మాట వచ్చేతలికి..." ఓబులమ్మ ఊపిరి తీసుకుంది. "అందరూ లేసిపోయింటారు."

తిప్పయ్య మంచం కోడు పట్టుకుని కింద కూలబడ్డాడు. "నాతో సెప్పల్యా గదమ్మే," అన్నాడు. అని, తను అడిగి ఎన్నాళ్లయిందో గుర్తొచ్చినట్టు తల వంచుకున్నాడు.

"బస్సు సంగతి మర్చిపో తిప్పయ్యా," అన్నారు సారు. "రక్తం పరీక్షకు పంపిస్తాను. నేననుకున్నదే అయితే, రోజూ పొద్దున్నే ఒక చిన్న మాత్ర వేసుకోవాలి. టైం పడుతుంది. కానీ మనిషి మళ్లీ తేరుకుంటుంది."

"మళ్లా... ముందటి మాదిరి అయితాదా సార్?"

"అవుతుంది. నిదానంగా."

తిప్పయ్య మూట విప్పి, దుప్పటి ఇంకొకటి తీసి ఆమె కాళ్ల మీద కప్పాడు. ఓబులమ్మ అతని చేతుల వైపు చూస్తూ ఉంది. కాసేపటికి ఆమె మొహంలో ఏదో మెత్తబడింది. అది నవ్వు అని తెలియడానికి ఇంకాసేపు పట్టింది.

కెజియా ఆ నవ్వు పూర్తయ్యేదాకా చూసింది. గురువుగారి వైపు తిరిగింది.

ఆయన స్టూలు మీదనుంచి లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, వానను వింటున్నట్టు కూర్చున్నారు.

"ఇప్పుడు," అన్నారు, "రెండో ప్రశ్న అడుగు."